ఇంద్రవెల్లి: 13 మందేనా?

లింగంపల్లి రైల్వే స్టేషన్‌కు కొంచెం దూరంలో, మూడంతస్తుల ఇంటి పైన ఒక రేకుల గది ఉంది. ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లలు నలుగురు అందులో ఉంటారు. ఇద్దరు హైటెక్ సిటీలో సెక్యూరిటీ పని చేస్తారు. ఒకడు డెలివరీ బండి నడుపుతాడు. నాలుగోవాడు డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం నేను ఆ గదికి పోయినప్పుడు చదువుకునే పిల్లవాడు తన గైడు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఒక బిట్టు ఉంది. ఇంద్రవెల్లి కాల్పుల్లో చనిపోయినవారు ఎందరు? కింద నాలుగు అంకెలు. జవాబు 13 అని చివరి పేజీలో ఉంది.

"దాదా, 13 అని పెడితే మార్కు వస్తది. మరి మా తాత చెప్పిన లెక్క గిది కాదు. తాత అబద్ధం చెప్పిండా?" అని అడిగాడు.

దాంతో గదిలో వాదన మొదలైంది. డెలివరీ బండి నడిపే పిల్లవాడు, "అంగట్ల వేల మంది చూసిన్రు. సర్కారు ఎట్ల దాస్తది? ఇయ్యాల అయితే అసలే దాగదు, అందరి చేతుల ఫోనున్నది" అన్నాడు. సెక్యూరిటీ పని చేసే పెద్దవాడు ఒప్పుకోలేదు. "పీనుగులనే దాస్తరు, అంకెను దాచుడు ఎంత పని?" అన్నాడు. రాత్రి డ్యూటీ ఉందని లేచేదాకా వాళ్లు అట్లనే వాదించుకున్నారు.

ఆ రోజు నేను తీర్పు చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే ఇద్దరూ ఒకే మాటను రెండు దిక్కుల నుంచి పట్టుకున్నారని అనిపించింది. జనాన్ని చుట్టుముట్టి చంపిన సంగతిని ఏ ప్రభుత్వమూ పూర్తిగా దాచలేదు. చూసినవాళ్లు మిగిలే ఉంటారు. దాచగలిగేది ఎంతమంది పోయారన్నది, పోయినవాళ్లు ఎవరన్నది, తుపాకి పేల్చమని చెప్పింది ఎవరన్నది. ఈ మూడూ కాగితం మీద లేకపోతే, చూసినవాళ్లు ఒక్కొక్కరే కన్నుమూశాక, మిగిలేది గైడు పుస్తకంలోని అంకె ఒక్కటే. అందుకే ఆ పిల్లవాడి ప్రశ్నను పట్టుకుని ఇది రాస్తున్నాను.

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. ఏప్రిల్ అంటే మన దగ్గర ఇప్పపూల కాలం. గూడేల నుంచి జనం ఉప్పుకు, నూనెకు, ఎండు చేపలకు ఎట్లాగూ ఆ రోజు వస్తారు. అదే రోజు గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. ముందు అనుమతి ఇచ్చారు, తర్వాత రద్దు చేశారు. 144 సెక్షన్ పెట్టారు. పోలీసులు దారులు కాశారు. కానీ కొండల మీద గూడేనికి ఆ కబురు ఎవరు మోస్తారు? అప్పుడు ఫోను లేదు. దండోరా వేసినా అది తెలుగులో. పొద్దున్నే తుడుం కొట్టుకుంటూ బయలుదేరిన మనిషికి తన నడక మధ్యాహ్నానికల్లా నేరమయిందని తెలియదు.

సభ దేనికి అన్నది పిల్లలకు తప్పకుండా చెప్పాలి. లేకపోతే ఊరికే గొడవ జరిగింది, కాల్చారు అన్నట్టు ఉంటుంది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసి భూమి ఆదివాసేతరుల చేతికి పోకూడదని చట్టం ఉంది. 1959 నాటి నిబంధనకు 1970లో పదును పెట్టారు. దాన్నే మనం 1/70 అంటాం. చట్టం పుస్తకంలో ఉండగానే ఉట్నూరు చుట్టూ మంచి నల్లరేగడి భూములు చేతులు మారాయి. రోడ్డు వచ్చిన వెంట షావుకారు వచ్చాడు. అప్పు పత్రం మీద వేలిముద్ర పడింది, మరుసటి ఏడాదికి చేను పోయింది. ఇంకో పక్క అడవిలో పోడు కొట్టుకుంటే ఫారెస్టోళ్ల కేసులు, మామూళ్లు. అంగట్లో పత్తికీ గింజలకూ తూకం మోసం. పట్టాలు కావాలి, పోయిన భూమి తిరిగి రావాలి, పంటకు సరైన ధర రావాలి అన్నవే ఆ సభ కోరికలు. ఇందులో ప్రభుత్వం తన చట్టంలో తాను రాసుకోనిది దాదాపు లేదు.

ఆ మధ్యాహ్నం జనానికీ పోలీసులకూ తోపులాట అయింది. ఒక కానిస్టేబులు చనిపోయాడు. ఇది కూడా చెప్పాలి. అతనిదీ ప్రాణమే, దాన్ని మనం దాచితే రేపు ఇంకొకరు దాచినదాన్ని అడిగే హక్కు పోతుంది. ముందు ఎవరు చేయి చేసుకున్నారన్నది ఇప్పటికీ రెండు రకాలుగా చెబుతారు. జనమే ఎగబడ్డారని పోలీసుల మాట. ఒక ఆడమనిషి మీద పోలీసు చేయి వేస్తే ఆమె తిరగబడిందని మనవాళ్ల మాట. ఆ తర్వాత కాల్పులు. పరుగెత్తే జనం మీద కాల్పులు.

అప్పుడు ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య. ప్రభుత్వం 13 మంది చనిపోయారని చెప్పింది. పౌరహక్కుల సంఘాలవాళ్లు ఊళ్లు తిరిగి 60 మందికి పైగా అన్నారు. మన పెద్దలు కొందరు వంద దాటిందంటారు.

ఈ మూడు అంకెల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది? అబద్ధం ఒక్కటే కారణం అనుకుంటే సగమే అర్థమవుతుంది. లెక్కపెట్టే చోటు వేరు. ప్రభుత్వం లెక్కపెట్టేది పోస్టుమార్టం బల్ల దగ్గర. అక్కడికి చేరిన పీనుగకే నంబరు పడుతుంది. గూడెం లెక్కపెట్టేది రాత్రి గుడిసె ముందు. పొద్దున పోయినవాళ్లలో ఎవరు తిరిగి రాలేదన్నది దాని లెక్క. తూటా తగిలిన మనిషి ఆసుపత్రికి పోతే మంచం పక్కనే పోలీసు నిలబడతాడు, కోలుకోగానే కేసు పెడతాడు. ఆ భయం ఉన్న చోట గాయపడ్డవాడు అడవి దారి పడతాడు. మూడో నాడో వారానికో గూడెంలో చనిపోతే పసరు మందు వేసిన ముసలాయనకూ, గుంత తవ్విన నలుగురికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ చావు ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఆ కాలంలో మన గూడేల్లో మామూలు చావులే రిజిస్టరులోకి ఎక్కేవి కావు. ఇక పోలీసు తూటాకు పోయిన చావును ఎవరు పోయి రాయించుకుంటారు?

అంటే దాచడానికి ప్రభుత్వం పెద్దగా కష్టపడనక్కర లేదు. ఊళ్లకు పోయి అడగకుండా ఉంటే చాలు. కాల్పుల తర్వాత ఊళ్లలో పోలీసులను పెట్టి, బయటివాళ్లను రానివ్వకుండా ఉంటే ఇంకా చాలు. సెక్యూరిటీ పని చేసే ఆ పిల్లవాడు పీనుగులనే దాస్తారన్నాడు గానీ, భయం ఉన్న చోట పీనుగలను దాచేది బాధితులే.

ఇక స్తూపం కథ. చనిపోయినవాళ్ల గుర్తుగా ఇంద్రవెల్లిలో కట్టిన ఎర్ర స్తూపాన్ని 1986లో గుర్తుతెలియని వ్యక్తులు పేల్చేశారు. 1987లో దాన్ని ప్రభుత్వమే తిరిగి కట్టించింది. ఆ గుర్తుతెలియని వ్యక్తులు ఎవరని మా ఊళ్లో ఎవరినడిగినా నవ్వుతారు. కట్టించాక కూడా ఏటా ఏప్రిల్ 20 వచ్చిందంటే మళ్లీ 144 సెక్షన్, మళ్లీ పోలీసు బందోబస్తు. కన్నవాళ్లకు పూలు పెట్టడానికి పోవాలంటే దొంగతనంగా పోవలసిన ఏళ్లు గడిచాయి. తెలంగాణ వచ్చాక కూడా వెంటనే మారలేదు. కొన్ని గంటలు అని గడియారం పెట్టి పంపారు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ స్తూపం దగ్గరికి వచ్చి నివాళి అర్పించి, అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. 40 ఏళ్లకు పైగా 144 సెక్షన్ పెట్టిన చోట ముఖ్యమంత్రి పూలు పెట్టడం చిన్న మార్పేమీ కాదు, దాన్ని కాదనను. కానీ స్మృతివనంలో రాతి మీద ఎన్ని పేర్లు చెక్కుతారు? 13 పేర్లే చెక్కితే ఆ అంకె ఇక రాతి మీదే ఉంటుంది.

ఇదంతా ఇంద్రవెల్లితో మొదలైంది కాదు. ఆ అంగడికి తూర్పున కొండలు దాటితే జోడేఘాట్. 1940లో నిజాం పోలీసులు కుమ్రం భీంనూ ఆయన వెంట ఉన్నవాళ్లనూ చుట్టుముట్టి చంపింది అక్కడే. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి మొదలైన 12 గూడేలకు భూమి మీద హక్కు కావాలన్నది భీం అడిగింది. ఆసిఫాబాద్ తాలూక్‌దారు అబ్దుల్ సత్తార్ సాయుధ పోలీసులతో పోయాడని మనవాళ్లు చెబుతారు. భీం చనిపోయిన తేదీ ఏదని పుస్తకాల్లో వెతికితే ఒక్కో పుస్తకంలో ఒక్కో తేదీ కనిపిస్తుంది. కొందరు సెప్టెంబరు అని, కొందరు అక్టోబరు అని రాశారు. మనవాళ్లకు మాత్రం తేదీలో తడబాటు లేదు. ఆశ్వయుజ పౌర్ణమి. ప్రతి ఏడూ ఆ పున్నమికే జోడేఘాట్‌లో వర్ధంతి చేస్తారు. కాగితం దగ్గర ఉన్నవాళ్లు తేదీ పోగొట్టుకున్నారు, కాగితం లేనివాళ్లు చంద్రుణ్ని చూసి గుర్తు పెట్టుకున్నారు.

అయితే మన జ్ఞాపకంలో కూడా ఒక లోపం ఉంది, అది జోడేఘాట్ కథలోనే బాగా కనిపిస్తుంది. భీం ఎట్లా పోయాడని ఏ గూడెంలో అడిగినా ముందు వచ్చే పేరు కుర్దు పటేల్. అతను జాడ చెప్పాడు, అందుకే పోలీసులు వచ్చారు అంటారు. బుర్రకథల్లో, నాటకాల్లో అతనికి ఇచ్చినంత చోటు నిజాం రెవెన్యూ అధికారులకు ఇవ్వరు. జాడ చెప్పినవాడు చెప్పి ఉండవచ్చు. కానీ జాడ చెప్పేవాడు ఉంటేనే తుపాకులు కొండ ఎక్కవు, పంపేవాడు ఉండాలి. మనలో ఒక ద్రోహి దొరకగానే మన కోపం అంతా అతని మీదికే పోతుంది. పంపినవాడి పేరు మెల్లగా కథలోంచి జారిపోతుంది. ప్రభుత్వం తన చేతిని దాచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దాన్ని మనమే ఇచ్చాం.

నిజాం ప్రభుత్వం ఇంకో పని కూడా చేసింది. కొండల్లో ఇంత కోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలనుకుంది. అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో పని చేస్తున్న హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు గోండుల మధ్య ఉండి, మార్లవాయిలో గుడిసె వేసుకుని, వాళ్ల బాధలు రాశాడు. భూమి పోవడం, అడవి అధికారుల పీడన, మొర వినే దిక్కు లేకపోవడం కారణాలని చెప్పాడు. ఆ తర్వాత వేల కుటుంబాలకు లావుణి పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో మన టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది, కేస్లాపూర్ నాగోబా జాతరలో మొరలు వినే దర్బారు మొదలైంది. టీచర్లుగా ఉన్నవాళ్లు ఈ వరుసను గమనించాలి. చంపిన సంగతిని ఒప్పుకోని ప్రభుత్వమే చంపాల్సి వచ్చిన కారణాన్ని తన ఖర్చుతో రాయించుకుంది. తన చేతి తప్పు ఎక్కడ రాసి ఉంటుందంటే ఆ ప్రభుత్వపు బీరువాలోనే.

బీరువా అంటే గుర్తొచ్చింది. 1948లో పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలో జరిగిన చావుల గురించి తెలుసుకోవడానికి కేంద్రం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లతో ఒక బృందాన్ని పంపింది. వాళ్లు జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత, 2013 నాటికి గానీ ఢిల్లీ గ్రంథాలయంలో మామూలు మనిషి దాన్ని చదివే వీలు కలగలేదు. అప్పటికి ఆ అంకెను నిలదీసి అడగాల్సినవాళ్లు ఎక్కువమంది లేరు. నివేదికను ఎవరూ కాల్చలేదు. తాళం వేసి ఉంచారు, అంతే.

ఇప్పుడు డెలివరీ పిల్లవాడి మాటకు వస్తాను. ఫోను ఉన్న కాలంలో ఏదీ దాగదని అన్నాడు కదా. 2012 నాటికి ఫోనులు ఉన్నాయి, టీవీలు ఉన్నాయి. ఆ ఏడాది జూన్ 28 రాత్రి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో సర్కేగూడ, కొత్తగూడ, రాజ్‌పెంట గూడేల జనం విత్తనాల పండుగ మాట్లాడుకోవడానికి ఒక చోట కూడారు. మనం విజ్జ పండుం అంటామే, అదే. భద్రతా దళాలు వాళ్లను చుట్టుముట్టి కాల్చాయి. 17 మంది చనిపోయారు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. తెల్లారేసరికి టీవీలో వచ్చింది ఏమిటంటే పెద్ద ఎన్‌కౌంటరులో 17 మంది మావోయిస్టులు హతం. అంటే ఇక్కడ అంకెను దాచలేదు, గొప్పగా చెప్పుకున్నారు. దాచింది మనుషులను. రైతును, బడి పిల్లవాణ్ని ఒక్క మాటతో మావోయిస్టుగా మార్చారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారించి, చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఒకతన్ని రాత్రి కాల్పుల్లో కాదు, మర్నాడు పొద్దున అతని ఇంట్లోనే చంపారని కూడా చెప్పింది. ఆ నివేదిక 2019లో బయటికి వచ్చింది. ఏడేళ్లు. టీవీ మాటకు ఒక రాత్రి చాలింది.

మరుసటి ఏడాదే, 2013 మే నెలలో, అదే జిల్లా ఎడెస్‌మెట్టలో అదే పండుగ రాత్రి 8 మంది గూడెం మనుషులు చనిపోయారు. దాన్నీ అదే జస్టిస్ అగర్వాల్ విచారించారు. అక్కడా అదే తీర్పు.

అంతకు ముందు 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గూడేల్లో దాదాపు 250 ఇళ్లు కాలిపోయాయి. మావోయిస్టులే తగలబెట్టారని పోలీసులు చెప్పారు. సల్వాజుడుం కేసు అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. సల్వాజుడుం అంటే జనం తమంతట తాము లేచిన ఉద్యమమని రాష్ట్ర ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అందులో మన పిల్లలకే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టింది. జోడేఘాట్‌లో కుర్దు పటేల్ పేరు వెనక దాక్కున్న ప్రభుత్వం ఇక్కడ వేల మంది ఆదివాసి కుర్రవాళ్ల వెనక దాక్కుంది. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని చెప్పి, ఇళ్లు కాల్చిన సంగతి సీబీఐకి అప్పగించింది. 2016లో సీబీఐ ఆ ప్రత్యేక పోలీసుల మీదే అభియోగపత్రం వేసింది. అప్పుడు బస్తర్‌లో యూనిఫాం వేసుకున్నవాళ్లే వీధుల్లోకి వచ్చి, కేసు వేసినవాళ్ల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. నిజం ఒకసారి బయటపడితే ప్రభుత్వం సిగ్గుపడుతుందని అనుకునేవాళ్లు ఆ ఫొటోలు చూడాలి.

ఆ మంటలకు పారిపోయి వచ్చినవాళ్లు మనకు పరాయివాళ్లు కాదు. భద్రాద్రి, ములుగు అడవుల్లో గుత్తికోయలని పిలిచే కుటుంబాల్లో చాలామంది ఆ గూడేల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు ఇక్కడ కులపత్రం ఇవ్వరు, పోడు చేస్తే గుడిసెలు పీకుతారు. వాళ్ల పిల్లలు చదివే బడుల్లో పని చేసే టీచర్లు ఈ పుస్తకం చదువుతుండవచ్చు. ఆ పిల్లలను ఎందుకు వచ్చారని అడిగి, వాళ్ల అమ్మ చెప్పింది రాసి పెట్టేంత తీరిక వాళ్లకు ఉంటే బాగుంటుంది.

రాసి పెట్టడం వల్ల ఏమవుతుంది అంటే ఒక పాత సంగతి చెబుతాను. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాక బ్రిటిష్ ప్రభుత్వం మొదట చెప్పిన లెక్క తక్కువ. అమృత్‌సర్‌లో సేవా సమితి అనే సంఘంవాళ్లు ఇల్లిల్లూ తిరిగి చనిపోయినవాళ్ల పేర్లు రాశారు. ఇవాళ మనం బడిలో చెప్పే ప్రభుత్వ లెక్క 379 వాళ్లు తయారు చేసిన జాబితా మీద నిలబడింది. కాంగ్రెస్ వేసిన కమిటీ వెయ్యి దాకా అన్నది. కానీ ఆ పరాయి ప్రభుత్వం చేత ఒప్పించింది వెయ్యి అన్న గుండు అంకె కాదు, పేర్లు ఉన్న 379. ఇంద్రవెల్లిని తెలంగాణ జలియన్‌వాలాబాగ్ అని మనం సభల్లో చెప్పుకుంటాం. ఆ పోలికలో ఈ ఒక్క భాగాన్నే వదిలేశాం.

ఇంకొకటి దూర దేశంలోది. రష్యాలో బెస్లాన్ అనే ఊరి బడిని 2004 సెప్టెంబరులో సాయుధులు ముట్టడించారు. లోపల 354 మంది ఉన్నారని అధికారులు చెప్పారు. నిజానికి 1,100 మందికి పైగా ఉన్నారు. బయట నిలబడ్డ తల్లులకు ఆ సంగతి తెలుసు. తమ బడిలో ఎంతమంది పిల్లలో వాళ్లకు తెలియదా? చివరికి 330 మందికి పైగా చనిపోయారు, సగం కన్నా ఎక్కువ పిల్లలే. ముట్టడించినవాళ్లు హంతకులే, అందులో అనుమానం లేదు. కానీ పిల్లలున్న బడి మీద సైన్యం ట్యాంకులు, మంటలు పుట్టించే ఆయుధాలు వాడిందా అని ఆ తల్లులు అడగడం మానలేదు. 2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ ప్రభుత్వ తప్పును తేల్చి చెప్పింది. 13 ఏళ్లు పట్టింది. ఆ తల్లుల దగ్గర పిల్లల పేర్ల జాబితా ఉంది. ఏ బెంచీలో ఎవరు కూర్చున్నారో కూడా ఉంది.

మన దగ్గర ఏముంది? పాట ఉంది, స్తూపం ఉంది, ఏటా సభ ఉంది. గూడెంవారీగా, ఇంటిపేరుతో సహా, పోయినవాళ్ల జాబితా ఎవరి చేతిలో ఉంది? ఈ మాట అంటే మనవాళ్లకే కోపం వస్తుంది. అమరులను శంకిస్తున్నావా అంటారు. నేను శంకించేది వాళ్లను కాదు, మన బద్ధకాన్ని. ఒక సభలో 60 అంటాం, ఇంకో సభలో 100 అంటాం, ఆవేశం వస్తే 200 కూడా అంటాం. అవతలివాడికి కావలసింది అదే. మీలో మీకే లెక్క కుదరలేదు, మా దగ్గర 13 పోస్టుమార్టం కాగితాలున్నాయి అంటాడు. పేరు లేని వంద కన్నా పేరున్న 14వ మనిషి ఆ అంకెను ఎక్కువ కదిలిస్తాడు. ఒక్క పేరు, ఒక్క ఊరు, చూసిన ఇద్దరి మాట చాలు, 13 తప్పని తేలడానికి.

1981లో 20 ఏళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు 60 దాటింది. చాలామందికి గోండి, కొలామీ తప్ప రాదు. ఆ భాషల్లో అడిగి, ఆ భాషల్లోనే రాసుకుని, తర్వాత తెలుగులోకి తెచ్చే పని బయటివాడు చేయలేడు. విలేఖరి వస్తే స్తూపం దగ్గర ఫొటో తీసుకుని పోతాడు. బడిలో పని చేసే మన టీచరుకూ, ఊరికి సెలవు మీద పోయే ఈ లింగంపల్లి పిల్లలకూ ముసలివాళ్లు ఎట్లాగూ చెబుతారు. జోక్యం చేసుకోకుండా వినాలి. "వంద మంది కదా తాతా?" అని మనమే అంకె అందించకూడదు. మీ గూడెం నుంచి ఎవరెవరు పోయారు, ఎవరు రాలేదు, ఎక్కడ పూడ్చారు, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు అని అడగాలి. తెలియదంటే తెలియదని రాయాలి.

పోయిన నెల మళ్లీ ఆ రేకుల గదికి పోయాను. సెక్యూరిటీ పని చేసే పిల్లవాడు ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాడు. గీతలు కొట్టి పేరు, ఇంటిపేరు, గూడెం, చెప్పినది ఎవరు అని గళ్లు పెట్టాడు. చివర ఇంకో గడి పెట్టి, కాల్చమన్నది ఎవరు అని రాశాడు. డెలివరీ పిల్లవాడు అది చూసి, ఆ గడి ఎవరు నింపుతారని వాదన పెట్టుకున్నాడు. గూడెంలో ఎవరికీ తెలియదు, ఆ గడి మన నోటుబుక్కులో నిండదు అన్నాడు. ఖాళీగా ఉన్నా ఉండనీ, ఖాళీ ఉందని కనిపించాలి కదా అన్నాడు ఇతను. గడి ఉంచారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ జాతర ఉంది, చుట్టుపక్కల గూడేల ముసలివాళ్లంతా అక్కడికి వస్తారు కాబట్టి అప్పుడు పోవాలని అనుకున్నారు. ఒకడికి సెలవు దొరుకుతుందో లేదో తెలియదు.

పరీక్షలకు చదివే పిల్లవాడు పక్కన కూర్చుని వింటున్నాడు. ఆ బిట్టు వస్తే ఏం పెడతావని అడిగాను. ప్రభుత్వ లెక్క ప్రకారం 13 అని రాయొచ్చు కదా అన్నాను.

"రాసేది ఏమీ ఉండదు దాదా," అన్నాడు. "అది ఓఎంఆర్ షీటు. గుండ్రం నింపుడే."